చిట్టి కంటి ఆపరేషనూ, మత్తు తర్వాత వాంతులూ: అమ్మమ్మ ఉత్తరం

విజయనగరం

చిట్టికీ, చిన్నాకీ అమ్మమ్మ ఆశీస్సులు.

చిట్టీ, నీ మెల్లకన్ను ఆపరేషన్‌కి తేదీ ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది. కోతన్నా కుట్లన్నా నీకు భయం లేదట. "మత్తు దిగాక అందరి ముందూ వాంతి చేసుకుంటానేమో" అన్నదొక్కటే నీ దిగులట. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి రిటైరైన ముసలిదాన్ని, ఈ ఒక్క విషయం మీద నాకు చెప్పడానికి చాలానే ఉంది.

మత్తు తర్వాత వాంతి అయితే ఆపరేషన్ చెడిపోయిందని కాదు, నువ్వు పిరికిదానివనీ కాదు. మన చుట్టాల్లో "మత్తు పడలేదమ్మా" అనేవాళ్లుంటారు, "దిష్టి తగిలింది" అనేవాళ్లూ ఉంటారు. అననీ. దిష్టి తీస్తామంటే తియ్యనీ, గుప్పెడు ఉప్పూ నాలుగు మిరపకాయలూ పోతాయి, అంతే.

అసలు జరిగేది ఇదీ. మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, ఒక చిన్న చోటుంది. రక్తంలో తిరిగేవన్నీ మెదడులోకి చొరబడకుండా మిగతా దాదాపు అంతటా గట్టి అడ్డు ఉంటుంది, ఈ చోటుకి మాత్రం ఆ అడ్డు లేదు. మన కోట గుమ్మం దగ్గర కాపలావాడనుకో. రక్తంలో కొత్త ముఖం కనబడితే చాలు, విషమా, మందా అని విచారించడు. "పొట్ట ఖాళీ చెయ్యండి" అని కేకేస్తాడు. ఊపిరితో పీల్చే మత్తు గ్యాసులూ, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులూ వాడికి కొత్త ముఖాలే. కేక వేసేది వాడొక్కడే కూడా కాదు. పేగుల్లోని కణాలు సెరటోనిన్ అనే పదార్థాన్ని వదిలితే, వేగస్ అనే పొడుగాటి నరం ఆ కబురు మెదడుకి చేరుస్తుంది. లోపలి చెవి నుంచి ఇంకో కబురు వస్తుంది. సాలూరు దాటి ఘాటు రోడ్డెక్కాక నీకు కడుపులో తిప్పేది ఆ చెవి వల్లే.

అందుకే చెబుతున్నాను, బస్సులో నీకు వాంతులవుతాయన్న సంగతి దాచుకోకు. అది సిగ్గుపడాల్సింది కాదు, మత్తు డాక్టరుకి పనికొచ్చే సమాచారం. ఆపరేషన్ ముందు ఆయన నీతో మాట్లాడతారు. ఆయన అడిగితే సరే, అడక్కపోయినా నువ్వే చెప్పు. మీ అమ్మ సంగతీ చెప్పాలి. నీ వయసులో దానికి అపెండిక్స్ ఆపరేషన్ అయితే, మర్నాటి పొద్దుటిదాకా వాంతి పట్టే కిడ్నీ ట్రే ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. దానికది గుర్తుండదు, ట్రే కడిగినదాన్ని కాబట్టి నాకు గుర్తుంది.

అమ్మ సంగతి నీ ఆపరేషన్‌కి ఎందుకంటావా? 2004లో జర్మనీ డాక్టర్లు పిల్లల కోసమే ఒక లెక్క కట్టారు. వయసు 3 ఏళ్లు దాటడం, ఆపరేషన్ అరగంటా అంతకు మించీ సాగడం, అది మెల్లకన్ను ఆపరేషన్ కావడం, ఇదివరకు ఆపరేషన్ తర్వాత ఆ పిల్లకో, అమ్మానాన్నలకో, తోబుట్టువులకో వాంతులై ఉండడం. ఈ నాలుగింట్లో ఒక్కటీ లేకపోతే 100 మంది పిల్లల్లో 9 మందికి వాంతులయ్యాయి. నాలుగూ ఉంటే 70 మందికి. నీకు నాలుగూ ఉన్నాయి తల్లీ. భయపెట్టడానికి రాయలేదు. ఇలాంటి పిల్ల అని తెలిస్తే డాక్టర్లు ముందే జాగ్రత్తపడతారు.

ఇన్ని ఆపరేషన్లుండగా మెల్లకన్నే ఎందుకని చిన్నా అడుగుతాడు, నాకు తెలుసు. ఒక్కో కంటిగుడ్డుని తిప్పడానికి 6 కండరాలున్నాయిరా. మీ అక్కకి అందులో ఒకటో రెండో కాస్త జరిపి కుడతారు. కండరాన్ని కొక్కెంతో లాగినప్పుడు ఆ కబురు ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరం గుండా మెదడుకి పోయి, వేగస్ నరం మీదుగా గుండెకి దిగుతుంది. థియేటర్లో చాలాసార్లు చూశాను. మానిటర్ బీప్ బీప్ అంటూ చకచకా కొట్టుకునేది ఉన్నట్టుండి బీప్... బీప్... అని సాగుతుంది. మత్తు డాక్టరు తల ఎత్తకుండానే "ఒక్క నిమిషం వదలండి సార్" అంటారు, సర్జన్ వదులుతారు, బీప్‌లు మళ్లీ దగ్గరపడతాయి. కంగారేం ఉండదు, అందరూ ఎదురుచూసేదే అది. ఆ వేగస్ నరమే పొట్టకీ పోతుంది. కన్ను లాగితే కడుపు తిప్పడం అలా వస్తుందని డాక్టర్లు చెబుతారు. మీ తాతకి శుక్లం తీసినప్పుడు ఇవేవీ లేవు, కంట్లో చుక్కలేసి పావుగంటలో ముగించారు, బయటికి రాగానే కాఫీ అడిగారు.

ఇక మందులు. తెల్లగా పాలలా ఉండే ఇంజెక్షన్ ఒకటుంది, ప్రొపోఫాల్. సోయా నూనె, గుడ్డుసొనలోని కొవ్వు కలిపి చేస్తారు కాబట్టి ఆ తెలుపు. నరంలోకి వెళ్తుంటే చెయ్యి చుర్రుమంటుంది, అరిచినా ఎవరూ ఏమనుకోరు. దాని గొప్పేమిటంటే, మత్తు ఇస్తూనే వాంతిని కూడా కొంత అణుస్తుంది. వాంతుల భయం ఎక్కువున్నవాళ్లకి గ్యాసు బదులు ఆపరేషనంతా దీన్నే డ్రిప్పులో నడపొచ్చు. వాంతులు రాకుండా నువ్వు నిద్రపోయాక డెక్సామెథాసోన్ ఇస్తారు, ఆపరేషన్ ముగిసేముందు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇస్తారు. ఇందాక సెరటోనిన్ అన్నానే, దాని కబురు అందకుండా చేసేది ఈ రెండోదే. పెద్దవాళ్లు 5,000 మందికి పైగా ఉన్న ఓ పరీక్షలో ఒక్కో మందూ వాంతుల్ని పావువంతు తగ్గించింది. ఒకటి చాలదు కాబట్టే రెండు మూడు కలుపుతారు. నొప్పికి కూడా ముందు పారాసిటమాల్ లాంటివి వాడి, గట్టి మందులు వీలైనంత తగ్గిస్తారు.

పూర్వం ఈ సుఖం లేదు. 1846లో బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఈథర్‌తో మత్తిచ్చి చూపించాడు, మరుసటేడు ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫామ్ మొదలుపెట్టాడు. నొప్పి పోయింది, వాంతులు మిగిలాయి. క్లోరోఫామ్‌తో ప్రాణాలు పోతున్నాయని గొడవ రేగితే, దాన్ని తేల్చడానికి 1888లో, 1889లో నిజాం డబ్బుతో మన హైదరాబాదులోనే రెండు కమిషన్లు కూర్చున్నాయి. అదే ఊళ్లో క్లోరోఫామ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. పెద్దయ్యాక ఆవిడ గురించి చదువు చిట్టీ.

తిండి సంగతి మీ నాన్నమ్మకి వినబడేలా చదవండి. ఆపరేషన్‌కి 6 గంటల ముందు నుంచి తిండి గానీ పాలు గానీ కూడదు, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తాగొచ్చు. మీ ఆసుపత్రివాళ్లు ఇంకో వేళ చెబితే అదే పాటించండి. పాలు పోసిన టీ నీళ్ల లెక్కలోకి రాదు. "ఏటీ, పిల్లని కాళీ కడుపుతో పంపిస్తారా?" అని ఎవరో ఒకరు ఇడ్లీ పెట్టబోతారు. మత్తులో దగ్గు రాదు, మింగడం ఆగిపోతుంది, పొట్టలోది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. అది ప్రాణాంతకం. దొంగచాటుగా తిన్నా డాక్టరుకి చెప్పేయాలి, ఆపరేషన్ వాయిదా పడితే పడుతుంది. అలాగని ముందురోజు సాయంత్రం నుంచీ నీళ్లు కూడా మాన్పించి ఎండగట్టడం నాకు అస్సలు నచ్చదు. ఎండిన ఒంటికి వికారం ఇంకా ఎక్కువ.

మెలకువ వచ్చాక ఎవరూ బలవంతంగా తాగించకూడదు. తాగితేనే ఇంటికి పంపుతామనే పద్ధతి ఒకప్పుడుండేది. అలా తాగించిన పిల్లలకే వాంతులు ఎక్కువయ్యాయని తేలింది. దాహమేస్తే నువ్వే అడుగు, గుక్కెడు గుక్కెడు తాగు. లేవడం కూడా అంతే, ముందు కూర్చుని, తల స్థిమితపడ్డాక నిలబడు.

నా అసలు బెంగ దారి గురించి. పొద్దున్న చేసి సాయంత్రానికి పంపించేసే ఆపరేషన్లలో చిక్కే అది. ఆన్‌డాన్‌సెట్రాన్ బలం కొన్ని గంటలే. ఆసుపత్రిలో బాగానే ఉన్న పిల్ల గజపతినగరం దాటగానే మొదలుపెడుతుంది. బొబ్బిలి చేరేదాకా గతుకులు తప్పవు. అందుకని డిశ్చార్జి చీటీ తీసుకునేటప్పుడే "ఇంటి దగ్గర వాంతులైతే ఏం వెయ్యాలి, ఎంత వెయ్యాలి?" అని మీ నాన్న అడిగి రాయించుకోవాలి. నాలుక మీద కరిగిపోయే మాత్రలున్నాయి. ఇంట్లో ఉన్నాయి కదా అని తోచినంత వెయ్యకూడదు, డోసు బరువును బట్టి ఉంటుంది. ఆ రాత్రికి పల్చటి చోడి అంబలి, లేకపోతే గంజి చాలు.

ఒకటి రెండు వాంతులకి కంగారు వద్దు. నీళ్లు కూడా నిలవకుండా మళ్లీ మళ్లీ అవుతున్నా, ఉచ్చ రాకపోయినా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా, కంటి నొప్పి పెరుగుతున్నా చీటీ మీద ఉన్న నంబరుకి వెంటనే ఫోన్ చెయ్యాలి. తెల్లారేదాకా ఆగొద్దు. కంట్లోంచి కాస్త ఎర్రగా నీరు కారడం మామూలే.

చిన్నా, నీకో పని. ఆ రోజు కారులో ముందు సీటు అక్కది, ఫోన్ నీ జేబులో. దారిలో పకోడీలు కొనమని మీ నాన్నని సతాయించకు, ఆ వాసన అక్కకి పడదు. నీ పకోడీలు నేను బొబ్బిలి వచ్చాక వేసిపెడతాను.

మీ అమ్మమ్మ