గోధుమ లేని గారెలోకి గోధుమ ఎలా వస్తుంది?

మినపగారెలో గోధుమ ఉండదు. అయినా సీలియాక్ జబ్బున్న మనిషికి టిఫిన్ సెంటర్ గారె పడకపోవచ్చు. అంతకుముందు ఆ మూకుట్లోనే పూరీలు, మైదాతో వేసే మైసూర్ బజ్జీలు వేగి ఉంటాయి. రాలిన పిండి నూనెలోనే ఉండిపోతుంది. నూనె ఎంత కాగినా గ్లూటెన్ పోతుందని నమ్మడానికి లేదు.

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే ప్రోటీన్. సీలియాక్‌ ఉన్నవాళ్లు దాన్ని తింటే, వాళ్ల రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. టర్కీ తువ్వాలు పోగుల్లా నిలబడాల్సిన ఆ పొర చదునైపోతుంది. తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గుతుంది, పిల్లలు సరిగా ఎదగరు. జీవితాంతం గ్లూటెన్ మానెయ్యడమే వైద్యం. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపయితే చాలామందికి ఇబ్బంది ఉండదని అంచనా. ఒక్క గ్రాము మైదాలోనే సుమారు 80 మిల్లీగ్రాములు ఉంటుంది!

అందుకే హోటల్ సిబ్బందికి ఏ వంటలో ఏం వేస్తారో చెప్పి ఊరుకుంటే చాలదు, పిండి ఎక్కడెక్కడికి చేరుతుందో వంటగదిలో నిలబెట్టి చూపించాలి. రవ్వదోసె తీసిన అట్లకాడతోనే సాదా దోసె తీస్తారు. గోధుమతో చేసే బొంబాయి రవ్వలో ముంచిన గిన్నెనే ఇడ్లీ రవ్వలోనూ ముంచుతారు. అన్నిటికంటే ముందు ఇంగువ డబ్బా వెనక రాసింది చదివించాలి. మనం కొనే ఇంగువలో చాలావాటికి జిగురుతో పాటు గోధుమపిండి కలుపుతారు. పోపు పెట్టిన ప్రతిదాంట్లోకీ అది వెళ్తుంది.

పల్లీల అలర్జీ వేరే సంగతి. అక్కడ నిమిషాల్లో గొంతు వాచి, బీపీ పడిపోవచ్చు. వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. పల్లీ చట్నీ గరిటె కొబ్బరి చట్నీలో పెట్టడం మనకు మామూలే, అలర్జీ ఉన్నవాళ్లకు అది ప్రాణాపాయం. చేతులకు శానిటైజర్ రాసుకుంటే పల్లీ ప్రోటీన్ పోదు, సబ్బుతో కడగాలి.

2014లో ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో ఒక ఇండియన్ రెస్టారెంట్ యజమాని, ఖర్చు తగ్గుతుందని బాదం పొడికి బదులు వేరుశనగ కలిసిన పొడి వాడాడు. మూత మీద నట్స్ లేవని రాసిచ్చిన పార్సిల్ తిని ఒకాయన చనిపోయాడు. యజమానికి 2016లో ఆరేళ్ల జైలుశిక్ష పడింది. సరుకు మారిన రోజే ఆ సంగతి కౌంటర్ దాకా తెలియాలన్నది శిక్షణలో మొదటి పాఠం కావాలని నా గట్టి అభిప్రాయం.

సర్వర్ మర్యాద కోసం "అబ్బే, ఉండదండీ" అనేస్తాడు. "వంటవాళ్లను అడిగి చెప్తానండీ" అనడం అలవాటు చెయ్యాలి. "మా దగ్గర కుదరదండీ" అన్నందుకు యజమాని అతన్ని కోప్పడకూడదు. రెండో మూకుడు పెట్టే చోటు లేకపోతే గారె ఇవ్వలేమని చెప్పెయ్యొచ్చు. బొంబాయి రవ్వ ఇడ్లీ వెయ్యని ప్లేట్లు విడిగా ఉంచుకుంటే, బియ్యం, మినప్పప్పు ఇడ్లీ మాత్రం చిన్న హోటల్ కూడా ధైర్యంగా పెట్టగలదు.