530003: ఒక పిన్‌కోడ్ కారణాంకాలు

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసేవారు చిరునామా చివర వేసే 530003ను, బట్వాడా సంగతి పక్కనబెట్టి ఒట్టి సంఖ్యగా చూస్తే, అది అంత తేలిగ్గా లొంగే రకం కాదని తెలుస్తుంది. పాతనగరం కోడ్ 530001లో అంకెల మొత్తం 9 కనుక అది వెంటనే 9తో తెగిపోతుంది. ద్వారకానగర్ కోడ్ 530016ను 2తో వరుసగా ఐదుసార్లు భాగించవచ్చు. 530003కు మాత్రం 2, 3, 5, 7, 11, 13లలో దేనితో భాగించినా శేషం మిగులుతుంది. ఇది ప్రధాన సంఖ్యేమోనన్న అనుమానం సహజం.

దీని వర్గమూలం 728 కంటే లవలేశం ఎక్కువ. కనుక ఇది సంయుక్త సంఖ్యే అయితే 728 లోపు ఉన్న 129 ప్రధాన సంఖ్యల్లో ఏదో ఒకటి దీన్ని నిశ్శేషంగా భాగించి తీరాలి. వరుసగా భాగించుకుంటూ పోతే మొదటి 112 సార్లూ శేషం మిగులుతూనే ఉంటుంది. 113వదైన 617 దగ్గర గానీ లెక్క తెగదు. 530003 = 617 × 859.

ఇలాంటి పనికి పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా వేరే దారి పట్టాడు. రెండు వర్గాల భేదమంటే ఆ సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణించగా వచ్చే లబ్ధమేనని హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. కాబట్టి ఇచ్చిన బేసి సంఖ్యను అలా రాయగలిగితే కారణాంకాలు వాటంతటవే బయటపడతాయి. 729తో మొదలుపెట్టి, ఒక్కొక్క సంఖ్య వర్గంలోంచి 530003ను తీసివేసి, మిగిలింది కూడా వర్గమేనా అని చూడాలి. మొదట 1438, 2897, 4358 వస్తాయి. ఏ వర్గానికీ ఒకట్ల స్థానంలో 2, 3, 7, 8 ఉండవు కనుక వీటికి వర్గమూలం తీసే శ్రమే లేదు. 732 దగ్గర వచ్చే 5821 కాస్త ఆశపెడుతుంది గానీ, అది 76, 77ల వర్గాల నడుమ పడుతుంది. ఆ తర్వాతి 7286ను కూడా చూడగానే తోసేయవచ్చు. 6తో ముగిసే వర్గానికి పదుల స్థానంలో బేసి అంకె ఉండాలి మరి. పదో ప్రయత్నంలో, 738 దగ్గర, 544644 − 530003 = 14641 వస్తుంది; అది 121 వర్గం. 738లోంచి 121 తీసేస్తే 617, కలిపితే 859.

రెండు కారణాంకాలూ వర్గమూలానికి మరీ దూరం కాకపోవడం వల్లే పని పది తీసివేతల్లో ముగిసింది. అదే 530001ను ఈ పద్ధతికి అప్పగిస్తే, 9 × 58889 బయటపడేది 28721వ ప్రయత్నంలో! ఫెర్మా స్వయంగా 2027651281ని 44021 × 46061గా విడగొట్టినప్పుడు పన్నెండు ప్రయత్నాలే పట్టాయి.

కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని రహస్యంగా పంపేందుకు 1977లో రూపొందిన ఆర్‌ఎస్‌ఏ గూఢలిపికి ఈ విషయం ప్రాణసంకటం. అందులో తాళంచెవిగా వాడేది రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం; 2048 బిట్ల (అంటే 0, 1లతో రాస్తే 2048 అంకెల) అలాంటి సంఖ్యకు దశాంశ పద్ధతిలో 617 అంకెలుంటాయి (మన 617తో ఇది కేవలం కాకతాళీయం). ఎంత పొడవైనదైనా, దాని కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటే ఫెర్మా పద్ధతి దాన్ని ఇట్టే విప్పేస్తుంది. అందుకే ఆ ప్రధాన సంఖ్యల మధ్య తేడా, 924 రెండ్లను గుణిస్తే వచ్చే సంఖ్యను మించి ఉండాలని అమెరికా ప్రభుత్వ ప్రమాణం నిర్దేశిస్తోంది.