ఏడు సీట్లున్నాయి కదా అని కొనేముందు: ఫ్యామిలీ బండి మీద అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో అయినా నల్లగొండలో అయినా ఏడు సీట్ల బండి అడిగేవాళ్ల లెక్క దాదాపు ఒక్కటే. ఇంట్లో నలుగురు, ఊళ్లో ఉండే అవ్వ, తాత, అప్పుడప్పుడూ వచ్చే ఆడబిడ్డ. ఏడాదిలో ఒకసారి కురుమూర్తి జాతర, ఒకసారి యాదగిరిగుట్ట, ఒకసారి శ్రీశైలం, దసరాకు అత్తగారి ఊరు. మిగతా రోజుల్లో బండిలో ఉండేది ఇద్దరే. అంటే మూడో వరుస సీట్లు ఎక్కువ కాలం మడిచే ఉంటాయి, కానీ వాటిని తెరిచిన రోజు మాత్రం ఇంటిల్లిపాదీ లోపలే ఉంటారు. అందుకే ఈ ఎక్స్‌ట్రా సీట్ల మీద షోరూంలో వినే మాట, ఊళ్లో వినే మాట రెండూ ఒకసారి సోంచాయించాలి.

అపోహ: "ఏడుగురూ పడతరు, సామానూ పడతది."

ఏడుగురు కూర్చున్నాక డిక్కీలో మిగిలేది ఎంతో బ్రోషర్‌లోనే ఉంటుంది, కాకపోతే చిన్న అక్షరాల్లో. మూడో వరుస నిలబెట్టి ఉంటే ఎర్టిగాలో 209 లీటర్లు, క్యారెన్స్‌లో 216, ఇన్నోవా క్రిస్టాలో 300, ట్రైబర్‌లో 84. పెద్ద అక్షరాల్లో వేసే 550, 625 లాంటి అంకెలు సీట్లు మడిచినప్పటివో, తీసేసినప్పటివో. లీటర్లంటే తెలియకపోతే బియ్యం బస్తాతో కొలవండి: 25 కిలోల బస్తా సుమారు 30 లీటర్ల జాగ తింటుంది. ఆ లెక్కన 84 లీటర్లలో రెండు బస్తాలు పెడితే ఇక చేతి సంచులకే చోటు. 209 లీటర్లలో రెండు బస్తాలు, రెండు మూడు బట్టల బ్యాగులు. మిర్యాలగూడ నుంచి ఏడాది బియ్యం, తోట నుంచి బత్తాయిలు వేసుకొచ్చేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కంపెనీ సీఎన్‌జీ తీసుకుంటే సిలిండర్ మూడో వరుస వెనకే కూర్చుంటుంది కాబట్టి ఏడుగురు ఎక్కిన రోజు డిక్కీని మరిచిపోవచ్చు.

జాగ కన్నా ముందు అడగాల్సింది బరువు. డ్రైవర్ తలుపు దగ్గర పిల్లర్ మీద ఉండే ప్లేటులో గానీ, మాన్యువల్‌లో గానీ బండి మోయగల మొత్తం బరువు ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేయండి. మిగిలింది 550 కిలోలు అనుకుందాం. మనిషికి 65 కిలోల చొప్పున ఏడుగురికి 455. ఇక మిగిలేది 95 కిలోలు. రెండు బియ్యం బస్తాలు, నాలుగు బ్యాగులు, మంచినీళ్ల క్యాన్ పెట్టేసరికి అయిపోతుంది. పైన క్యారియర్ వేస్తే జాగ పెరుగుతుంది గానీ మోసే శక్తి పెరగదు. చాలా బండ్లకు పైకప్పు మీద పెట్టదగ్గ బరువు, క్యారియర్‌తో కలిపి, 50 కిలోల దగ్గరే ఉంటుంది. పైగా బరువు ఎత్తుకు పోతే మలుపుల్లో బండి ఒరుగుతుంది. మన్యంకొండ, చెర్వుగట్టు లాంటి చిన్న ఘాట్లలో కూడా ఆ తేడా తెలుస్తుంది.

అపోహ: "మూడో వరుస పిల్లలకే కదా, ఎట్లున్నా నడుస్తది."

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ముసలివాళ్లు మూడో వరుసలోకి వంగి, దూరి పోలేరు కాబట్టి వాళ్లకు రెండో వరుస ఇచ్చి పిల్లల్ని వెనక్కి పంపుతారు. కానీ చిన్నపిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా రెండో వరుసలోనే, అదీ కిటికీ పక్క సీట్లకే ఉంటాయి. ఆ పిల్లల సీటును ఎడమవైపు బిగిస్తే ఇంకో చిక్కు: మూడో వరుసకు దారి సాధారణంగా ఎడమవైపు సీటు వంచితేనే, పిల్లల సీటు ఉన్నంతసేపు అది వంగదు. దిగడానికి ప్రతిసారీ సీటు ఊడదీయాల్సి వస్తుంది.

నాలుగేళ్ల లోపు బిడ్డ, అవ్వ, తాత ముగ్గురూ ఉన్న ఇంటికి మా సలహా ఆరు సీట్ల బండి, అంటే మధ్య వరుసలో రెండు విడి సీట్లు ఉండి నడుమ దారి ఉన్నది. పెద్ద పిల్లలు ఆ నడుమ నుంచే వెనక్కి పోతారు, ఏ సీటూ వంచే పని లేదు. చిన్న బిడ్డ సీటు మధ్యలో ఒకదానికి, అవ్వకు ఇంకోటి, తాతకు ముందు సీటు. ఏడు సీట్ల బెంచే కావాలంటే పిల్లల సీటును కుడివైపు, డ్రైవర్ వెనక బిగించండి.

నాలుగైదేళ్లు దాటి బూస్టర్ సీటు (పిల్లల్ని బెల్టుకు సరిపడా ఎత్తులో కూర్చోబెట్టే దిమ్మ) మీద కూర్చునే పిల్లలు మూడో వరుసలో కూర్చోవచ్చు. బూస్టర్‌కు ఐసోఫిక్స్ అక్కర్లేదు, భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు ఉంటే చాలు. ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు దాటేదాకా బూస్టర్ ఉండాలి, లేకపోతే బెల్టు భుజం మీద కాకుండా మెడ మీద పడుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సీట్ల లెక్కలోకి రారనుకోవడం పొరపాటు. 14 ఏళ్ల లోపు పిల్లలు బెల్టో పిల్లల సీటో లేకుండా ఉంటే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా. అది పోతే పోనీ, గట్టిగా బ్రేకు పడితే ఒళ్లో బిడ్డను ఏ తల్లి చేతులూ ఆపలేవు.

కూర్చునే తీరు చూడాలంటే షోరూంలో ముందు రెండో వరుసను మీ నాయనకు సరిపడా వెనక్కి జరపండి, ఆ తర్వాత మూడో వరుసలో ఇంట్లో అందరికన్నా పొడుగువాళ్లను కూర్చోబెట్టండి. సేల్స్ పిల్లగాడు చేసేది ఇందుకు తలకిందులు, రెండో వరుసను ముందుకు జరిపి మూడో వరుస ఎంత విశాలమో చూపిస్తాడు. మోకాలు నడుము కన్నా ఎత్తులో ఉంటే తొడ కింద ఆసరా లేనట్టు, గంట దాటితే నడుము నొప్పి ఖాయం. మూడో వరుస వెనక చక్రాల మీద పడుతుంది కాబట్టి గుంతల ఎత్తేసుడు, మలుపుల ఊపుడు అక్కడే ఎక్కువ. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి అడవి మలుపులు మొదలయ్యాక పిల్లలు కక్కుకునేది అందుకే. వాళ్లను ఫోన్ చూడనియ్యకుండా, కిటికీలోంచి దూరం చూడమనండి. మన్ననూరు దగ్గరి అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. గేటు పడుతుందన్న తొందరలో తోలితే వెనక కూర్చున్నవాళ్ల కడుపులు ఇంకా తిరుగుతాయి.

అపోహ: "వెనక కూడా ఏసీ ఉంది సార్."

వెనక ఏసీలు రెండు రకాలు. ఒకదానికి ఫ్యాన్ మాత్రమే ఉంటుంది, ముందు చల్లబడిన గాలినే వెనక్కి తోస్తుంది. రెండోదానికి వెనక సొంత కూలింగ్ కాయిల్ ఉంటుంది. ఏదో అడిగి తెలుసుకోండి. నల్లగొండ మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పరీక్ష సులువే: మధ్యాహ్నం రెండు గంటలకు, అరగంట ఎండలో నిలిపిన బండిని టెస్ట్ డ్రైవ్‌కు తీసుకోండి. ఏసీ వేసి పది నిమిషాలయ్యాక మూడో వరుసలో కూర్చోండి. మొదటి ఐదు నిమిషాలు ముందు అద్దాలు కొంచెం దించి వేడి గాలిని బయటికి పోనిచ్చి, తర్వాత లోపలి గాలి తిరిగే బటన్ వేయాలి.

అపోహ: "ఎదురెదురు సీట్లయితే ముచ్చట పెట్టుకుంట పోవచ్చు, జాగ కూడా ఎక్కువ."

బొలెరో, బొలెరో నియో లాంటి బండ్లలో వెనకవి పక్కకు చూసే సీట్లు. బండి గట్టిది, మట్టి తొవ్వలకు మంచిది, అందులో అనుమానం లేదు. కానీ ఎదురుగా గుద్దుకుంటే పక్కకు కూర్చున్న మనిషి నడుము, మెడ మెలిపడతాయి. బెల్టు ఉన్నా ముందుకు చూసే సీటులో కాపాడినట్టు కాపాడదు. బెల్టు పెట్టుకోవాలన్న కేంద్ర మోటారు వాహనాల రూల్స్ 138(3) నిబంధన కూడా ముందు సీట్లకు, ముందుకు చూసే వెనక సీట్లకే. పిల్లల సీటు వీటికి బిగించే వీలే లేదు. వాటిని సామానుకో, ఊళ్లో రెండు కిలోమీటర్ల దూరానికో పెట్టుకోండి, 65వ నంబరు హైవే మీద కాదు. విదేశాల్లో డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ కార్లకు వెనక్కి చూసే మడత సీట్లు ఎక్స్‌ట్రాగా ఇచ్చేవాళ్లు. వోల్వో, మెర్సిడెస్ రెండూ ఇచ్చాయి. అవి పిల్లలకే, బెల్టులతో సహా కంపెనీ బిగించినవి. మన దగ్గర 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది గానీ ఆ తరహా కార్లు జనానికి ఎక్కలేదు.

అపోహ: "ఐదు సీట్ల బండికి ఇక్కడే ఇంకో సీటు వెల్డింగ్ చేయించుకుంటే సరి."

చేయించకండి. కంపెనీ సీటు, దాని బెల్టు ఛాసిస్‌లో గట్టి చోట బిగిస్తారు. షెడ్డులో బిగించేది పలుచటి ఫ్లోర్ రేకుకు. గట్టిగా గుద్దుకున్నప్పుడు 60 కిలోల మనిషి బెల్టు మీద టన్నుకు పైగా లాగుతాడు, ఆ రేకు చిరిగిపోతుంది. చట్టం ప్రకారం ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండి మార్చకూడదు (సెక్షన్ 52). 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకు క్లెయిమ్ కొట్టేయడానికి సాకు మనమే ఇచ్చినట్టు.

ట్రైబర్‌లో లాగా తీసి పెట్టుకునేలా కంపెనీయే ఇచ్చిన సీట్ల సంగతి వేరు, వాటిని తీయడం తప్పు కాదు. చిక్కు వచ్చేది తిరిగి పెట్టేటప్పుడే. ఫ్లోర్ మీద కొక్కెం పడే గాడిలో ఇసుక, వడ్ల గింజలు చేరితే కొక్కెం సగమే పడుతుంది. గాడిని బ్రష్షుతో శుభ్రం చేసి, సీటు పెట్టి, అన్ని కొక్కేలూ టక్కున పడ్డాక రెండు చేతులతో ముందుకు వెనక్కి గుంజి చూడండి. సీట్లను ఇంట్లో వడ్ల బస్తాల పక్కన పెట్టొద్దు, స్పాంజి ఎలుకల పాలవుతుంది.

అపోహ: "సీట్లు ఎక్కువైతే ట్యాక్స్ ఎక్కువ."

సొంత వాడకానికి కొనే కారుకు తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ బండి ధరను బట్టే. మొదటి కారుకు 5 నుంచి 10 లక్షల మధ్య 14 శాతం, 10 లక్షలు దాటితే అంతకన్నా ఎక్కువ. పదిలక్షల గీత దగ్గర ఉన్న మోడల్ చూస్తుంటే పై వేరియంట్‌కు ఎగబాకేముందు ఈ తేడా లెక్క వేసుకోండి. పేరు మీద ఇంకో కారు ఉంటే మరో 2 శాతం. జీఎస్‌టీ బండి పొడుగు, ఇంజిన్‌ను బట్టి: 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడుగు, పెట్రోల్ 1200 సీసీ లోపు లేదా డీజిల్ 1500 సీసీ లోపు అయితే 18 శాతం, దాటితే 40. ట్రైబర్, బొలెరో మొదటి దాంట్లో, ఎర్టిగా రెండో దాంట్లో పడతాయి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్‌ను బట్టే. 2022 జూన్ నుంచి పెట్టిన రేట్లు ఏడాదికి 1000 సీసీ లోపు 2,094 రూపాయలు, 1500 లోపు 3,416, ఆపైన 7,897. లైసెన్సుకు కూడా కొత్తగా ఏం అక్కర్లేదు, మామూలు కారు లైసెన్సే చాలు.

అపోహ: "ఫుల్ లోడుకు స్ప్రింగ్‌లల్ల రబ్బర్ బఫర్లు ఏపిస్తే బండి కుంగదు."

కాయిల్ స్ప్రింగ్ చుట్ల మధ్య రబ్బరు దూర్చితే ఆ చుట్టు పనిచేయడం మానేస్తుంది, మిగతా చుట్ల మీద భారం పడుతుంది. ఇద్దరే ఉన్న రోజుల్లో బండి గట్టిగా ఎత్తేస్తుంది, షాక్ అబ్జార్బర్ తొందరగా పోతుంది. వారంటీ మీద పేచీ వస్తుంది. చేయాల్సింది వేరే. డ్రైవర్ తలుపు పిల్లర్ మీది స్టిక్కర్‌లో మామూలు లోడుకు, ఫుల్ లోడుకు రెండు వేర్వేరు గాలి లెక్కలు ఉంటాయి. వెనక టైర్లకు ఫుల్ లోడు లెక్క ఎక్కువగా ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే ఆ మేరకు నింపాలి. అందరికీ 32 అని కొట్టేసే పంక్చర్ షాపు అలవాటు ఇక్కడ పనికిరాదు. వెనక కుంగితే హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లల్లో పడుతుంది. స్టీరింగ్ పక్కన 0 నుంచి అంకెలున్న చక్రం తిప్పితే వెలుగు కిందికి దిగుతుంది, ఫుల్ లోడుకు ఏ అంకె అన్నది మాన్యువల్‌లో ఉంటుంది.

స్టెప్నీ కూడా మరవొద్దు. చాలా ఏడు సీట్ల బండ్లలో అది బయట, ఫ్లోర్ కింద వేలాడుతుంది. వానాకాలం బురదతో బోల్టు తుప్పు పట్టి, అవసరమైన రోజు దిగదు. ఆరు నెలలకోసారి దింపి, గాలి చూసి, బోల్టుకు గ్రీజు పెట్టండి. దింపే బోల్టు డిక్కీ అంచున ఉంటే నిండా సామాను ఉన్న రోజు అదంతా రోడ్డు మీద పెట్టాల్సిందే. శ్రీశైలం పోతూ దోమలపెంట, ఈగలపెంట దాటి కృష్ణ దాకా దిగేటప్పుడు బ్రేకు మీద కాలు వేసి దిగొద్దు, రెండో గేరులో ఉంచి ఇంజిన్‌తో ఆపుకుంటూ దిగండి. ఏడుగురి బరువుతో బ్రేకులు వేడెక్కితే పెడల్ లోపలికి పోతుంది.

అపోహ: "స్టార్లు మంచిగ వచ్చినయ్, వెనక కూర్చున్నోళ్లకు ఢోకా లేదు."

బండ్లను గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ ముందు వైపు పరీక్షలో బొమ్మలు కూర్చునేది ముందు సీట్లలో, రెండో వరుసలో. మూడో వరుసకు మార్కులు ఇందులో లేవు, వెనక నుంచి లారీ గుద్దితే ఏమవుతుందన్నదీ లేదు. కాబట్టి స్టార్లు చూశాక మీరే చూడాల్సినవి: కిటికీల మీద తెరలా దిగే పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా వస్తుందా, తల వెనక హెడ్‌రెస్ట్ పైకి జరుగుతుందా, ప్రతి సీటుకూ మూడు పాయింట్ల బెల్టు ఉందా, వీపుకు డిక్కీ తలుపుకు మధ్య ఎన్ని బెత్తెల దూరం ఉంది.

అపోహ: "పాతది కొంటే మస్తు కలిసొస్తది."

కలిసొస్తుంది, ట్యాక్సీగా తిరిగిన బండి కాకపోతే. ఏడు సీట్ల బండ్లలో పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకు మార్చి అమ్మేవి చాలా ఉంటాయి. ఆర్‌సీ వివరాల్లో వాహనం తరగతి ఎప్పుడైనా మారిందా చూడండి. టీజీ 05, టీజీ 06 అని నల్లగొండ, పాలమూరు నంబరు ఉన్నంత మాత్రాన ఇక్కడే నెమ్మదిగా తిరిగిందని కాదు. తలుపు అంచుల లోపల స్టిక్కర్ల గుర్తులు, మూడో వరుస బెల్టు బకిల్ దగ్గర అరుగుదల, మీటరు చూపే కిలోమీటర్లకు పొంతన లేని పెడల్ రబ్బర్లు చూడండి. ఖాళీ హైవే మీద తోలి చూసినప్పుడు 80 దాటనంటే ట్యాక్సీలకు వేగం మించకుండా బిగించే స్పీడ్ గవర్నర్ ఇంకా లోపలే ఉన్నట్టు.