పసిబిడ్డల తాయెత్తులు, మొలతాళ్లు: అపోహలు - వాస్తవాలు

పిల్లల వైద్యుడిగా నా దగ్గరకు వచ్చే పసిబిడ్డల్లో మొలతాడో, తాయెత్తో, దిష్టిచుక్కో లేనివారు అరుదు. బిడ్డ చల్లగా ఉండాలని నాయనమ్మలు, అమ్మమ్మలు కట్టే వీటిని తీసేయమని నేను చెప్పను. అయితే వీటికి లేని వైద్యశక్తిని అంటగట్టినప్పుడు మాత్రం ఊరుకోలేను.

అపోహ: బొడ్డుతాడు ముక్కను తాయెత్తులో దాస్తే, అందులోని మూలకణాలు (ఇతర రకాల కణాలుగా మారగల కణాలు) పెద్దయ్యాక ప్రాణాంతక వ్యాధులకు మందవుతాయి.

వాస్తవం: ఫోన్లలో విపరీతంగా తిరిగే మాట ఇది. చికిత్సకు వాడే మూలకణాలు బొడ్డుతాడు రక్తంలో ఉంటాయి. కాన్పు కాగానే ఆ రక్తాన్ని సేకరించి, సుమారు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ చలిలో, ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుస్తారు. 1988లో పారిస్‌లో ఫాంకోని రక్తహీనత అనే అరుదైన వంశపారంపర్య జబ్బు ఉన్న బాలుడికి చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించి చేసిన తొలి చికిత్స అలా దాచిన రక్తంతోనే సాధ్యమైంది. ఎండి రాలిన బొడ్డులో బతికున్న కణాలు ఉండవు కనుక, దాన్ని అరగదీసి తాగిస్తే జబ్బు తగ్గదు సరికదా, సూక్ష్మక్రిములు సోకే ప్రమాదం ఉంది. తల్లీబిడ్డల పేగుబంధానికి గుర్తుగా దాచుకోవడం వేరే విషయం. ఆ అర్థాన్ని నేను మనసారా గౌరవిస్తాను.

అపోహ: మొలతాడు కడితే హెర్నియా (పేగు జారి గజ్జల వంటి చోట వాపుగా ఉబకడం) రాదు.

వాస్తవం: మగపిల్లల్లో గజ్జల హెర్నియాకు కారణం, గర్భంలో వృషణాలు కిందికి దిగిన దారి పూర్తిగా మూసుకోకపోవడం. నెలలు నిండకుండా పుట్టినవారిలో ఇది ఎక్కువ. దీనికి శస్త్రచికిత్సే మార్గం. వాపు గట్టిపడి బిడ్డ వాంతులు చేసుకుంటుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. మొలతాడు బిగుసుకుంటే బిడ్డ ఒళ్లు చేస్తున్నాడని గమనించే తల్లుల చూపు మంచిదే కానీ, బరువు తూచడం మానకూడదు.

అపోహ: కాటుక పెడితే కళ్లు పెద్దవవుతాయి.

వాస్తవం: కావు. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో ఉండే సీసం పసి మెదడుకు హాని చేస్తుంది. దిష్టిచుక్క కూడా చేతికందని చోటే పెట్టండి.

అపోహ: తాయెత్తు వల్ల మేలు జరగకపోయినా కీడైతే ఉండదు.

వాస్తవం: న్యూయార్క్‌లో 2009లో, కంబోడియా తాయెత్తును నోట్లో పెట్టుకున్న ఏడాది బిడ్డ రక్తంలో సీసం పెరిగింది, దాని పూసల్లో సీసం దాదాపు 45 శాతం ఉన్నట్టు తేలింది. మెడలో తాడు బిగుసుకోవచ్చు, ఊడిన పూస గొంతుకు అడ్డుపడవచ్చు. అందుకే తాయెత్తును బిడ్డ మెడలో కట్టకుండా, చేతికందనంత ఎత్తున గోడకు వేలాడదీయండి.