పత్తి తేలుతుంది, డ్రై షీటు పీల్చదు: కారణం ఒకటే

మంచం పట్టిన అత్తమ్మ కోసం ఉతికి వాడుకునే డ్రై షీట్లు (పైన పీల్చే బట్ట, అడుగున నీళ్లు దిగని ప్లాస్టిక్ పొర ఉండేవి) కొన్నారట, మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు. మొదట్లో బాగానే పీల్చేవి. ఇప్పుడు మూత్రం పైనే నిలిచి పక్కలకు జారుతోందట. "మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లేనా?" అని అడిగారు.

నల్గొండలో ఏది చెడినా ముందు అనుమానం ఫ్లోరైడ్ మీదికే పోతుంది. పళ్లనూ ఎముకలనూ అది ఏం చేసిందో చూసినవాళ్లం కదా! కానీ షీట్లను చెడగొట్టేది కాల్షియం, మెగ్నీషియం. పైగా కాల్షియం దండిగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా ఎక్కువగా నిలవదు, కాల్షియం ఫ్లోరైడ్‌గా గడ్డకట్టి విడిపోతుంది. సబ్బు నురగ రాకపోతే ఫ్లోరైడ్ ఉన్నట్టేనని పిల్లలకు చెప్పడం ఇకనైనా మానాలి.

చేనులో ఏరిన పత్తి కొంచెం తీసుకుని, గింజ తీసేసి, చెంబు నీళ్లలో వేయండి. తేలుతుంది. వేలితో నొక్కినా మళ్లీ పైకొస్తుంది. ఇప్పుడు మెడికల్ షాపు దూది వేయండి. చూస్తుండగానే మునుగుతుంది, 10 సెకన్లలోపు మునగాలని ఔషధ ప్రమాణమే ఉంది. రెండూ ఒకే సెల్యులోజ్. తేడా అంతా పోగు మీది మైనంలో ఉంది. బరువులో 1 శాతం కూడా ఉండదు. కాస్టిక్ సోడాలో ఉడికించి దాన్ని తీసేస్తే పత్తి దూది అవుతుంది.

అంత కొంచెం మైనం ఇంత పని ఎలా చేస్తుంది? నీటి చుక్క పోగును తాకిన చోట ఒక కోణం ఏర్పడుతుంది. అది 90 డిగ్రీల లోపుంటే పోగుల మధ్య సందులు నీళ్లను లోపలికి గుంజుకుంటాయి. దాటితే బయటికి తోస్తాయి. గుంజే బలం ఆ కోణపు కొసైన్‌ను బట్టి ఉంటుంది, 90 దాటగానే కొసైన్ రుణసంఖ్య అవుతుంది. కోణాన్ని మార్చడానికి పైపైన అణువుల మందం పూత చాలు. ఇంటర్లో కొసైన్ పట్టిక బట్టీ పట్టించేవాళ్లు గుప్పెడు పత్తి తెచ్చి చూపిస్తే ఎంత బాగుండు!

ఇక సబ్బు సంగతి. సబ్బంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. ఉప్పు నీళ్లలో, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠిన జలంలో, సోడియం స్థానంలోకి కాల్షియం వచ్చి, కరగని కాల్షియం స్టియరేట్ తయారవుతుంది. బకెట్ అంచుకు తెల్లగా పట్టే జిడ్డు అదే. అది పోగుపోగుకూ పడుతుంది. మిల్లులో తీసేసిన మైనాన్ని ఉతికిన ప్రతిసారీ మనమే తిరిగి పూస్తున్నామన్న మాట. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్‌దీ అదే దారి: దాని అణువుకు ధనావేశమున్న తల పోగుకు అంటుకుంటుంది, కొవ్వు తోక బయటికి ఉంటుంది. బట్ట మెత్తబడేదీ, పీల్చడం మానేదీ ఆ తోక వల్లే.

విరుగుడు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. నకిరేకల్ నిమ్మకాయలు బస్తాలకొద్దీ పిండనక్కర్లేదు. బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి అరగంట నానబెట్టాలి. ఆమ్లం కాల్షియాన్ని లాగేస్తుంది. కానీ వెనక మిగిలేది స్టియరిక్ ఆమ్లం, అదీ మైనంలాంటిదే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ తర్వాత డిటర్జెంట్ పొడితో, వీలైతే మిషన్ భగీరథ నల్లా నీళ్లతోనో వాన నీళ్లతోనో ఉతకాలి. ఆ పుల్లటి నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ మాత్రం కలపొద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

వాషింగ్ మెషిన్లో స్పిన్ వేస్తే నీళ్లు దిగని పొర సంచిలా నీళ్లను పట్టుకుని డ్రమ్మును ఊపేస్తుంది. చేత్తో నొక్కి, పిండకుండా వేలాడదీయడమే నయం.

ఆరబెట్టేటప్పుడు తడి ఒకవైపు నుంచే పోగలదు, రెండోవైపు ప్లాస్టిక్ పొర ఉంది కదా. అందుకే బట్ట వైపు బయటికి, పొర లోపలికి ఉండేలా దండెం మీద మడిచి వేయాలి. మే నెల ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి పొరకూ రక్షణ. పొద్దు గూకాక పసిపిల్లల బట్టలు బయట ఉంచితే గాలి సోకుతుందంటారు. సోకేది తేమ. గాలిలో తేమ 65 శాతం ఉంటే నూలు తన బరువులో దాదాపు 8 శాతం నీళ్లు పట్టుకుంటుంది. కారణం ఏదైనా, పెద్దల మాట విని సాయంత్రానికే తీసేయండి.

ఇంత చేశాక షీటు పీలుస్తూ, కింద పరుపు కూడా తడుస్తుంటే అడుగు పొర చిట్లినట్టు. దానికి నిమ్మ ఉప్పు పనిచేయదు, కొత్తది కొనాల్సిందే.