ఎగిరిపోయిన వానడబ్బా

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

అమ్మడూ, బుజ్జీ,

డేటా సైన్స్‌కి పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవాలా, జూలియా అనే భాష నేర్చుకోవాలా అని అడిగారు. ఫోన్‌లో తేలే మాట కాదని రాస్తున్నాను.

మన డాబా మీద వాన కొలిచే డబ్బా ఉండేది, గుర్తుందా? రోజూ పొద్దున్నే కొలిచి రిజిస్టర్‌లో రాసేవాణ్ణి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలికి అది ఎగిరిపోయింది. ఆ రోజు గడి ఖాళీ. కొత్తది కొనేదాకా మరికొన్ని గడులూ అంతే.

ఈమధ్య ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ముందు పైథాన్‌లో, పట్టికల లెక్కలు చేసే పాండాస్ అనే పనిముట్టుతో, ఆ అక్టోబరు మొత్తం ఎంతో అడిగాను. టక్కున అంకె చెప్పింది. ఖాళీ గడులను చప్పుడు చేయకుండా దాటేసి మిగిలినవి కూడింది. ఊరు అల్లాడిన రోజు లేకుండానే నెల మొత్తం! దాటొద్దని చెబితే వింటుంది. చెప్పాలని నాకేం తెలుసు? అదే కూడిక జూలియాలో చేస్తే జవాబు 'మిస్సింగ్' అని వచ్చింది. మొదట చిరాకేసింది. ఖాళీలు వదిలేసి కూడమని నా చేత్తో రాస్తే గానీ అంకె ఇవ్వలేదు.

ఇంకో తికమక. పైథాన్ లిస్టులో లెక్క సున్నాతో మొదలు. అక్టోబరు పదో నెల కదా అని పది వేస్తే నవంబరు వాన చూపించింది. జూలియా మనలాగే ఒకటి నుంచి లెక్కపెడుతుంది.

వేగం సంగతి. మామూలు లూపులో, అంటే ఒకే పని మళ్ళీ మళ్ళీ చేయించేటప్పుడు, పైథాన్ ప్రతి అంకె దగ్గరా ఆగి, ఇది పూర్ణాంకమా, దశాంశమా అని చూసుకుంటూ నడుస్తుంది. అందుకే పెద్ద లెక్కలు నంపై అనే పైథాన్ పనిముట్టుకి అప్పజెబుతారు. దాని లోపలి పని ఎక్కువగా సీ భాషలో రాసింది. జూలియా మీరు రాసిన ఫంక్షన్‌నే మొదటిసారి పిలిచినప్పుడు మెషీన్ కోడ్‌గా, అంటే కంప్యూటర్ నేరుగా నడిపే ఆదేశాలుగా, మార్చుకుంటుంది. అప్పుడు కాస్త ఆగాలి, తర్వాత పరుగే. నా రిజిస్టరంత లెక్కకు ఆ తేడా కనపడదులే.

అయినా ముందు పైథానే పట్టండి. 1991 నుంచి ఉన్నది. మీరు ఎక్కడ ఇరుక్కున్నా, అక్కడ ముందే ఇరుక్కుని బయటపడ్డవాళ్ళు దొరుకుతారు. జూలియా జనంలోకి వచ్చింది 2012లో, దాని 1.0 వెర్షన్ వచ్చింది 2018లో. వాడేవాళ్ళు తక్కువ. ఒక్క ఎర్రర్‌తో నేను రెండు రోజులు కుస్తీ పట్టాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు రిజిస్టర్ మీకే ఇస్తాను. అక్టోబరు పేజీ తడిసి అంటుకుపోయింది, మెల్లగా విప్పండి. ఖాళీ గడుల్లో మాత్రం సున్నా వేయకండి.

మీ తాతయ్య