చీకట్లో మెరిసే వాచీలు, వాటిలోని రేడియేషన్: అపోహలు - వాస్తవాలు

రేడియేషన్ భద్రత నా వృత్తి. ఈ పనిలో ఉన్నానని తెలిస్తే చాలు, ఎవరో ఒకరు తాతగారి పాత వాచీ గురించి అడుగుతారు. అడిగేవాళ్ళు రెండు రకాలు. ఒకరు వాచీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, చేయి దూరంగా చాచి పట్టుకుంటారు. ఇంకొకరు "ఇంత చిన్నదానికి ఏమవుతుంది సార్" అంటూ వెనక మూత తీసి చూపిస్తారు. నాకు రెండోవారిని చూస్తేనే టెన్షన్. ఏ పదార్థం, ఏ రూపంలో ఉంది, దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారు అన్న మూడు ప్రశ్నలూ వేసుకోకుండా భయపడినా, ధైర్యపడినా ఉపయోగం లేదు. చట్టాలు కూడా ఆ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: చీకట్లో మెరిసేవన్నీ రేడియోధార్మికమే.

బండి నంబర్ ప్లేటు మీద, లారీ వెనక అంటించే "రేడియం స్టిక్కర్"లో రేడియం అణువు ఒక్కటి కూడా ఉండదు. అందులో ఉండేవి సన్నని గాజుపూసలో, పట్టకాల్లాంటి ప్లాస్టిక్ పొరో. హెడ్‌లైట్ వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపడమే వాటి పని. ఇప్పుడు షాపుల్లో కొనే మెరిసే వాచీల్లోనూ చాలావరకు రేడియోధార్మికత ఉండదు. వాటి పూత స్ట్రాన్షియం అల్యూమినేట్. పగటి వెలుగును దాచుకుని రాత్రి వదులుతుంది. 1990లలో జపాన్ కంపెనీ నెమోటో తెచ్చిన ఈ పూత వాచీల్లోంచి రేడియోధార్మిక రంగుల్ని దాదాపు తరిమేసింది. స్ట్రాన్షియం పేరు వినగానే అణుబాంబు పరీక్షలు గుర్తొచ్చి బెదిరేవాళ్ళున్నారు. ఆ బూడిదలోది స్ట్రాన్షియం-90. ఈ పూతలోది మామూలు, స్థిరమైన స్ట్రాన్షియం.

స్ట్రాన్షియం-90 వాచీల్లోకి అసలు రాలేదనీ అనలేం. 1950లలో రోలెక్స్ జీఎంటీ మాస్టర్ 6542 అనే మోడల్ డయల్ చుట్టూ ఉండే బేకలైట్ (ఒక పాత ప్లాస్టిక్) బెజెల్‌లో అదే వాడారు. అది ఎముకల్లో చేరే పదార్థం. ఆ దశాబ్దం చివర్లో అమెరికా అణుశక్తి కమిషన్ రంగంలోకి దిగాక వాటిని వెనక్కి పిలిపించారు.

అపోహ: వాచీ మెరవడం మానేసింది, అంటే రేడియేషన్ అయిపోయింది.

పాత వస్తువులు సేకరించేవాళ్ళలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే, ప్రమాదకరమైనదీ ఇదే. పాత పూతలో రెండు భాగాలుంటాయి. ఒకటి రేడియం, రెండోది జింక్ సల్ఫైడ్. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు తగిలి జింక్ సల్ఫైడ్ వెలుగుతుంది. ఏళ్ళ తరబడి ఆ దెబ్బలు తిని జింక్ సల్ఫైడ్ పాడైపోతుంది కానీ, కొడుతున్న రేడియం మాత్రం అలాగే ఉంటుంది. రేడియం-226 అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 1600 ఏళ్ళు. 1930లో తయారైన వాచీలో ఈరోజుకీ దాదాపు 96 శాతం రేడియం మిగిలే ఉంది. వెలుగు మాత్రం సున్నా.

రేడియం బదులు కొన్ని వాచీల్లో వాడిన ట్రిటియంది వేరే కథ. అది హైడ్రోజన్‌కే బరువైన రూపం, అర్ధాయువు 12.3 ఏళ్ళు. 1965 నాటి ట్రిటియం వాచీలో ఇప్పుడు మిగిలింది దాదాపు ముప్పయ్యో వంతే. అలాగే వాడిన ప్రొమీథియం-147 ఇంకా తొందరగా పోతుంది, దాని అర్ధాయువు 2.6 ఏళ్ళే. కాబట్టి మెరవని రెండు పాత వాచీల్లో ఒకటి దాదాపు ఖాళీ అయిపోయి ఉండొచ్చు, రెండోది నిండుగా ఉండొచ్చు.

ఏది ఏదో కొంతవరకు డయల్ అడుగున చూసి పోల్చుకోవచ్చు. ఆరు అంకె కింద "స్విస్" అన్న మాటకు అటూ ఇటూ ఆంగ్ల అక్షరం టి ఉంటే ట్రిటియం. టి పక్కన "కంటే తక్కువ" గుర్తు, ఆ పైన 25 ఉంటే 25 మిల్లీక్యూరీలలోపు (క్యూరీ రేడియోధార్మికతకు కొలత) ట్రిటియం ఉందని. 1960లకు ముందుదై, మెరిసే పూత ఉండి, ఏ గుర్తూ లేకపోతే రేడియం అనుకునే జాగ్రత్త పడండి. రిపేర్లలో డయళ్ళు, ముళ్ళు మారిపోతుంటాయి, ఆ సంగతీ గుర్తుంచుకోవాలి. డయల్ ట్రిటియందై, ముళ్ళు రేడియంవి అయినా ఆశ్చర్యం లేదు.

అపోహ: గీగర్ కౌంటర్ చప్పుడు చేయలేదు కాబట్టి ఏమీ లేదు.

రేడియం అయితే, రేడియేషన్‌ను పసిగట్టే ఈ కౌంటర్ వాచీ గాజు దగ్గరకు తేగానే గోల పెడుతుంది. ట్రిటియం బీటా కణాల శక్తి మరీ తక్కువ, గరిష్ఠంగా 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అవి వాచీ గాజునే దాటలేవు. ట్రిటియం బయటికి వచ్చిందో లేదో తేలాలంటే తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని లాబ్‌లో లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో పెట్టాలి.

అపోహ: 25 మిల్లీక్యూరీల ట్రిటియంకు అనుమతి, రేడియం మాత్రం 1 మైక్రోక్యూరీ దాటకూడదు. చట్టం తలకిందులుగా ఉంది.

ఈ రెండు అంకెలూ అమెరికా అణు నియంత్రణ కమిషన్ నిబంధనల్లోవి. లైసెన్స్ లేకుండా పెట్టుకునే ఒక వాచీలో ట్రిటియం 25 మిల్లీక్యూరీల వరకు ఉండొచ్చు. అందులోనూ ఒక్కో ముల్లు మీద 5, డయల్ మీద 15 దాటకూడదు. ప్రొమీథియం అయితే చేతి వాచీలో 100 మైక్రోక్యూరీలు. రేడియం విషయంలో కొత్త వాచీలకు ఈ మినహాయింపే లేదు. 2007 నవంబర్ 30కి ముందు తయారై, విప్పకుండా ఉన్నవాటికి మాత్రం 1 మైక్రోక్యూరీ. ట్రిటియంకు రేడియం కంటే 25,000 రెట్లు ఎక్కువ వదిలేశారన్నమాట.

క్యూరీ అన్నది సెకనుకు ఎన్ని అణువులు విచ్ఛిన్నమవుతున్నాయో చెప్పే లెక్క మాత్రమే. దీపావళికి ఎన్ని చప్పుళ్ళు వినిపించాయో లెక్కపెట్టినట్టు. సీమటపాకాయల జడ వంద చప్పుళ్ళు చేస్తుంది, లక్ష్మీ బాంబు ఒక్కటే చేస్తుంది. ట్రిటియం ఒక్కో విచ్ఛిన్నంలో సగటున 5.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు వదులుతుంది. రేడియం ఆల్ఫా కణం శక్తి సుమారు 4,800. పైగా రేడియం తర్వాత పుట్టే పదార్థాలు కూడా ఆల్ఫాలు, గామాలు వదులుతూ పోతాయి. శరీరంలో ట్రిటియం నీటిలా తిరిగి, పది రోజులకోసారి సగం చొప్పున మూత్రంలో, చెమటలో వెళ్ళిపోతుంది. రేడియంను శరీరం కాల్షియం అనుకుని ఎముకలో కట్టేసుకుంటుంది.

క్యూరీలను శరీరానికి తగిలే డోసుగా మార్చే అంతర్జాతీయ గుణకాలతో ఇప్పుడు లెక్క వేద్దాం. డోసుకు కొలత సీవర్టు. 25 మిల్లీక్యూరీల ట్రిటియం మొత్తం నీరుగా మారి, చుక్క వదలకుండా ఒకరు తాగేశారనుకోండి. డోసు దాదాపు 17 మిల్లీసీవర్టులు. 1 మైక్రోక్యూరీ రేడియం మొత్తం మింగితే సుమారు 10 మిల్లీసీవర్టులు. 25,000 రెట్ల తేడా ఏమైంది? దాదాపు సమానమైపోయింది. ఈ పరిమితుల్ని సరిగ్గా ఇలాగే లెక్కగట్టి పెట్టారని నేననడం లేదు. కానీ అంకెలు తలకిందులుగా ఉన్నాయన్న మాట మాత్రం నిలవదు. అదే రేడియం పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే డోసు మింగినదానికి పదిరెట్లు దాటుతుంది. అందుకే పూత రాలిపోతున్న డయల్‌ను మేం వేరే వస్తువుగా చూస్తాం.

అపోహ: రేడియం అంత ప్రమాదమైతే మొదటి నుంచీ కట్టుదిట్టంగా ఉంచేవారు కదా.

ఉంచలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి 1920ల దాకా అమెరికాలో న్యూజెర్సీలోని ఆరెంజ్, కనెక్టికట్‌లోని వాటర్‌బరీ, ఇల్లినాయ్‌లోని ఒటావా పట్టణాల్లో వందలాది యువతులు వాచీ డయళ్ళకు రేడియం రంగు వేశారు. కుంచె మొన సన్నగా రావడానికి పెదాలతో నొక్కమని నేర్పారు. నొక్కిన ప్రతిసారీ కొంత రేడియం కడుపులోకి పోయింది. దవడలు కుళ్ళాయి, ఎముకలు విరిగాయి, క్యాన్సర్లు వచ్చాయి. న్యూజెర్సీలో ఐదుగురు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది.

1941లో అమెరికా ప్రమాణాల సంస్థ 27వ నంబరు హ్యాండ్‌బుక్ వేసింది. రేడియం రంగు పనివారి శరీరంలో పేరుకోదగ్గ రేడియంకు 0.1 మైక్రోగ్రాము హద్దు పెట్టింది. ఆ హద్దుకు ఆధారం చాలావరకు ఆ అమ్మాయిల శరీరాల్లో కొలిచిన అంకెలే. 0.1 మైక్రోగ్రాము అంటే 0.1 మైక్రోక్యూరీ. ఒక మామూలు రేడియం వాచీ డయల్ మీద అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. గాజు కింద ఉన్నంతసేపు ఫర్వాలేనిది, ఎముకలో చేరితే హద్దు దాటినట్టే.

ఆ తర్వాతి విచిత్రం చట్టంలోది. 1954 అణుశక్తి చట్టం రియాక్టర్లలో పుట్టిన పదార్థాలను ఫెడరల్ నియంత్రణలోకి తెచ్చింది. రేడియం భూమిలోంచి తవ్వి తీసేది కాబట్టి బయటే ఉండిపోయింది, రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. ట్రిటియం వాచీకి 1960ల నుంచే ఫెడరల్ లెక్కలుంటే, రేడియం వాచీ 2005 ఇంధన విధాన చట్టం వచ్చేదాకా ఆ గొడుగు కిందికి రాలేదు. నియంత్రణ లేకపోవడాన్ని ప్రమాదం లేదనడానికి రుజువుగా చూపేవారికి నేను ఈ యాభై ఏళ్ళ ఖాళీనే చూపిస్తాను.

అపోహ: రేడియం వాచీ గదిలో ఉంటే చాలు, క్యాన్సర్ ఖాయం.

1 మైక్రోక్యూరీ రేడియం నుంచి మీటరు దూరంలో వచ్చే గామా డోసు గంటకు సుమారు 0.008 మైక్రోసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి మనకు సహజంగా వచ్చేది గంటకు 0.1 దగ్గర్లో ఉంటుంది. అంటే గూట్లో పెట్టిన ఒక్క వాచీ గామా, సహజ రేడియేషన్‌లో పదోవంతు కూడా లేదు. దగ్గరికి వచ్చేకొద్దీ లెక్క మారుతుంది. 10 సెంటీమీటర్ల దగ్గర అది గంటకు 0.8. మణికట్టుకు రోజంతా, ఏడాది పొడవునా కట్టుకుంటే ఆ కాస్త చర్మానికి సాధారణ ప్రజల చర్మ పరిమితి, ఏడాదికి 50 మిల్లీసీవర్టులు, దాటే అవకాశం ఉంది. పండగకో పబ్బానికో పెట్టుకుంటే నేను అభ్యంతరం చెప్పను. రోజూ మాత్రం వద్దంటాను.

అపోహ: ట్రిటియం గొట్టం పగిలితే ఇల్లు ఖాళీ చేయాలి.

కొన్ని వాచీల్లో పూత బదులు ట్రిటియం నింపిన చిన్న గాజు గొట్టాలుంటాయి. ఒకటి పగిలితే కిటికీ తెరవండి, ఆ గదిలోంచి కాసేపు బయటికి రండి, తర్వాత గ్లవ్స్ వేసుకుని ముక్కలు కవర్లో పెట్టండి, చేతులు కడుక్కోండి. గొట్టంలో ఉండేది ప్రధానంగా వాయువు. అది ఊపిరితో లోపలికి వెళ్ళినా దాదాపు అంతా తిరిగి బయటికి వస్తుంది. నీటి రూపంతో పోలిస్తే దాని డోసు పదివేల రెట్లు తక్కువ. నిజానికి గాజు గొట్టం కంటే పాత ట్రిటియం రంగే ఎక్కువ కారేది. అప్పట్లో ప్లాస్టిక్ వాచీలు కట్టుకున్నవారి మూత్రంలో కూడా కొద్దిగా ట్రిటియం కనిపించింది. డోసు స్వల్పమే, కానీ కారింది.

అపోహ: "లైసెన్స్ అక్కర్లేదు" అంటే ఎవరూ అడగరని.

మినహాయింపు కొనుక్కుని పెట్టుకునేవారికే. తయారుచేసి, దిగుమతి చేసి అమ్మేవారికి లైసెన్స్ తప్పదు. ఇంకో షరతు కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. డోసు తక్కువైతే సరిపోదు, ఆ వస్తువుకు ఏదో ఒక ఉపయోగం ఉండాలి. అమెరికాలో అణుశక్తి కమిషన్ 1965లోనే ఈ విధానం ప్రకటించింది. స్వయంప్రకాశ వస్తువుల మినహాయింపు బొమ్మలకు, అలంకరణ వస్తువులకు, సరదా సామగ్రికి వర్తించదు. చీకట్లో టైము చూడటం ఉపయోగం కిందికి వస్తుంది. అదే ట్రిటియం గొట్టాన్ని తాళంచెవుల గుత్తికి వేలాడదీస్తే అక్కడ కుదరదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణాలూ బొమ్మల్లో, నగల్లో ఇలాంటి సరదా వాడకం సమర్థనీయం కాదనే అంటాయి.

మన దేశంలో ఈ బాధ్యత 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది, ముంబైలో ఉంటుంది. అందరూ ఏఈఆర్‌బీ అంటారు. విదేశాల నుంచి ట్రిటియం వాచీలు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకునేవారు సరుకు వచ్చాక కాదు, ఆర్డర్ పెట్టకముందే ఆ మండలిని అడగాలి.

అపోహ: మూత తీసి కాస్త శుభ్రం చేస్తే పోయేదేముంది?

రేడియం వాచీతో నిజంగా డోసు వచ్చేది ఇక్కడే. ఎనభై ఏళ్ళ పూత పొరలు పొరలుగా లేస్తుంది. దాన్ని ఊదడం, బ్లేడుతో గీకడం, అదే బల్ల మీద టీ పెట్టుకోవడం, ఇవన్నీ రిపేర్ షాపుల్లో మామూలే. విప్పక తప్పదంటే తడిగుడ్డ మీద పెట్టి, గ్లవ్స్, మంచి మాస్కు వేసుకుని విప్పాలి. గీకకూడదు. డయల్‌ను ఉన్నదున్నట్టు జిప్ కవర్లో మూసేయాలి.

సేకరించేవారికి ఇంకొకటి. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. వాచీ కేసు దాన్ని పూర్తిగా ఆపలేదు. 2018లో బ్రిటన్‌లోని నార్తాంప్టన్, కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 30 పాత రేడియం వాచీల సేకరణను పరీక్షించారు. గాలి ఆడని గదిలో రేడాన్ అక్కడి సిఫారసు స్థాయికి 134 రెట్లు వచ్చింది. ఒక్క వాచీ ఉన్నవారికి ఇది పెద్ద విషయం కాదు. పెట్టె నిండా ఉన్నవారు ఆ పెట్టెను పడకగదిలోంచి తీసి, గాలి ఆడే చోట పెట్టాలి. వదిలించుకోవాలంటే పాత సామాన్లవాడికి వేయొద్దు, చెత్తబుట్టలోనూ వద్దు. ఏ మోడల్, ఎన్ని ఉన్నాయి, పూత రాలుతోందా అన్న మూడు సంగతులు ఫొటోలతో సహా రాసి ఏఈఆర్‌బీకి పంపి, ఎక్కడ అప్పగించాలో అడగండి.